పిక్కకు కరెంటు పట్టీ కట్టే ముందు తెలుసుకోవలసిన అంకె

ప్రశ్న: మా అమ్మకు 66 ఏళ్లు. చాలా ఏళ్లుగా షుగరు ఉంది, మెట్‌ఫార్మిన్ వాడుతోంది. బీపీకి అమ్లోడిపిన్ వేసుకుంటుంది. సాయంత్రానికి రెండు చీలమండల దగ్గరా వాపు వస్తుంది, పొద్దున లేచేసరికి చాలావరకు తగ్గిపోతుంది. అరికాళ్లలో తిమ్మిరి, మంట ఉన్నాయి. ఈ మధ్య కాస్త దూరం నడిచేసరికి ఎడమ పిక్క పట్టేస్తోందని ఆగిపోతోంది. గోడ పట్టుకుని రెండు నిమిషాలు నిలబడితే సర్దుకుంటుంది, మళ్లీ అంత దూరం నడిస్తే మళ్లీ పట్టేస్తుంది. అందుకని నడక మానేసింది. పిక్కకు చుట్టుకుంటే సన్నని కరెంటుతో కండరాన్ని కదిలించి రక్తప్రసరణ పెంచే యంత్రం ప్రకటన చూశాం. కూర్చున్న చోటే పెట్టుకుంటే నడిచినంత ఫలితమట. కొనవచ్చా? దానితో పాటు బిగుతు సాక్సులు కూడా వేయిద్దామనుకుంటున్నాం. రోజంతా కుర్చీలో కూర్చుని పనిచేసే నాకూ అది పనికొస్తుందా? నాన్నకు పేస్‌మేకర్ ఉంది, ఆయన కూడా వాడుకోవచ్చా?
– ఒక పాఠకురాలు

సమాధానం: ఇప్పుడే కొనకండి. ఆ యంత్రం మోసమని నేను అనడం లేదు. మీ అమ్మగారి కాళ్లలో ఏం జరుగుతోందో తేలకుండా దాన్ని కట్టడం మంచిది కాదు. మీరు వాపు గురించి రాశారు, తిమ్మిరి గురించి రాశారు, వాటి మధ్యలో గోడ పట్టుకుని నిలబడటం గురించి కూడా రాశారు. ఉత్తరం మొత్తంలో నన్ను కలవరపెట్టింది ఆ మాటే. యంత్రం సంగతి తర్వాత, ముందు దాన్ని చూద్దాం.

నడుస్తుంటే పిక్క పట్టేయడం, ఆగితే రెండు మూడు నిమిషాల్లో తగ్గడం, దాదాపు అంతే దూరానికి మళ్లీ తిరగబెట్టడం. ఈ మూడూ కలిసి కనిపిస్తే, కాలికి రక్తం తెచ్చే ధమని ఎక్కడో ఇరుకైందని వైద్యులు ముందుగా అనుమానిస్తారు. నొప్పి పిక్కలో వస్తున్నా ఇరుకు చాలాసార్లు తొడలో ఉంటుంది. ఊరికే కూర్చున్నప్పుడు ఆ ఇరుకు దారిలో వచ్చే రక్తం పిక్కకు సరిపోతుంది. నడక మొదలయ్యాక కండరం ఎన్నో రెట్లు ఎక్కువ రక్తం అడుగుతుంది. అది అందక నొప్పి పుడుతుంది. ఆగగానే అవసరం తగ్గిపోతుంది, నొప్పీ పోతుంది. వెన్నులో నరాలు నొక్కుకుపోయినవారికి కూడా నడిస్తే కాళ్లు లాగుతాయి. కానీ వారికి నిలబడితే సాధారణంగా తగ్గదు, కూర్చోవాలి లేదా ముందుకు వంగాలి. మీ అమ్మగారికి నిలబడితేనే తగ్గుతోంది. పైగా షుగరు, బీపీ రెండూ ఉన్నాయి. అందుకే దీన్ని వయసు మీద పడటం అనుకుని వదిలేయవద్దని గట్టిగా చెబుతున్నాను.

ఇక యంత్రం విషయం. కాలిలో రక్తానికి రెండు ప్రయాణాలు ఉంటాయి. గుండె నుంచి ధమనుల్లో కిందికి రావడం ఒకటి, సిరల్లో తిరిగి పైకి వెళ్లడం రెండోది. కిందికి పంపడానికి గుండె ఉంది. నిలబడిన మనిషిలో పైకి ఎక్కించే పని ఎక్కువగా పిక్కే చేస్తుంది. పిక్క లోతున, ముఖ్యంగా సోలియస్ అనే కండరంలో, రక్తం నిలిచే వెడల్పాటి సిరలు ఉన్నాయి. అడుగు వేసినప్పుడు కండరం బిగుసుకుని వాటిని పిండుతుంది, రక్తం పైకి లేస్తుంది. సిరల్లోని కవాటాలు పై వైపుకే తెరుచుకుంటాయి కాబట్టి అది మళ్లీ కిందికి జారదు. కదలకుండా నిలబడిన మనిషికి చీలమండ దగ్గర సిరల్లో పీడనం 80 నుంచి 90 మిల్లీమీటర్ల పాదరసం దాకా ఉంటుంది. కవాటాలు బాగున్న మనిషి ఓ పదడుగులు వేస్తే చాలు, అది 30 దరిదాపులకు పడిపోతుంది. శరీరంలో నాకు ఎప్పటికీ ఆశ్చర్యం తగ్గని ఏర్పాట్లలో ఇదొకటి.

మీరు చూసిన పట్టీ సాయపడేది ఈ రెండో ప్రయాణానికి. చర్మానికి ఆనుకున్న రెండు ప్యాడ్ల మధ్య చిన్న విద్యుత్ స్పందనలు పంపితే అక్కడి నరం ఉత్తేజపడి కండరాన్ని ముడుస్తుంది. కొన్ని పట్టీలు పిక్క మీదే కూర్చుంటాయి. కొన్ని మోకాలికి బయటివైపు, కాస్త కిందగా ఉన్న ఎముక బొడిపె దగ్గర అంటించుకునేవి. అక్కడ పాదాన్ని పైకి లేపే నరం చర్మానికి దగ్గరగా వెళుతుంది. కొన్నింటిలో సెకనుకు ఒక్క స్పందన వస్తుంది, పాదం చిన్నగా ఎగిరెగిరి పడుతుంది. కొన్నింటిలో సెకనుకు 20 నుంచి 50 స్పందనలు గుంపుగా వచ్చి, కండరాన్ని కొన్ని సెకన్లు బిగించి వదులుతాయి. ఏ రకమైనా ఒకటే గుర్తు: కండరం కంటికి కనిపించేలా ముడుచుకోవాలి. చర్మం చిమచిమలాడటంతో సరిపోతే రక్తం పైకి వెళ్లడానికి అది చేసే సాయం లేనట్టే. నొప్పి తగ్గించడానికి వాడే టెన్స్ యంత్రం ఎక్కువగా ఆ చిమచిమ వరకే పనిచేస్తుంది. చూడటానికి రెండూ ఒకలాగే ఉంటాయి కనుక ఒకటి అడిగి మరొకటి తెచ్చుకునేవారు ఉంటారు.

ఈ విద్యకు మంచి చరిత్రే ఉంది. పక్షవాతం వచ్చిన కొందరికి నడిచేటప్పుడు పాదం వేలాడిపోతుంది. 1961లో లిబర్సన్ అనే వైద్యుడి బృందం మోకాలి పక్కనున్న ఇదే నరానికి కరెంటు అందించి, మడమ లేచినప్పుడల్లా పాదం పైకి లేచేలా చేసింది. రక్తం గడ్డకట్టకుండా ఆపే విషయంలోనూ దీనికి గుర్తింపు వచ్చింది. మోకాలి దగ్గర అంటించే గెకో అనే చిన్న పరికరాన్ని బ్రిటన్‌లో ఏ చికిత్స వాడవచ్చో సూచించే నైస్ సంస్థ 2014లో సిఫారసు చేసింది. అయితే ఎవరికి చేసిందో గమనించండి. కాలి సిరల్లో గడ్డలు ఏర్పడే ప్రమాదం ఎక్కువగా ఉండి, దాన్ని నివారించే మందులు గానీ కాళ్లను నొక్కే సాధనాలు గానీ వాడటానికి వీలులేని రోగుల కోసం ఆ సిఫారసు. కదలలేని మనిషికి పిక్క చేయవలసిన పనిని యంత్రం చేసిపెడుతుంది, అది నిజంగా విలువైన సాయం.

మీ అమ్మగారి కష్టం అది కాదు. ఆమె నడవగలరు, నడిస్తే రక్తం చాలడం లేదు. కాలువ ఎగువన పూడిపోయి పొలానికి నీరు అందనప్పుడు, పొలం దిగువన మోటారు పెట్టి తోడినందువల్ల పైరు తడవదు. పట్టీ పెట్టుకున్నంతసేపూ సిరల్లో రక్తం వేగంగా కదలవచ్చు, కాళ్లు తేలికపడినట్టూ ఉండవచ్చు. ధమనిలోని పూడిక మాత్రం అలాగే ఉంటుంది. ఇంకొక చిక్కు కూడా ఉంది. కరెంటుతో ముడుచుకున్నా కండరానికి ప్రాణవాయువు కావాలి. రక్తం అసలే చాలని పిక్కను గట్టిగా పనిచేయిస్తే, నడకలో వచ్చే ఆ నొప్పే కుర్చీలో కూర్చుని ఉండగా రావచ్చు.

కూర్చున్న చోటే నడిచినంత ఫలితం అన్న మాటను నేను ఒప్పుకోను. మనం నడిచేటప్పుడు మెదడు కండరంలోని పోగులను వంతులవారీగా పిలుస్తుంది. త్వరగా అలసిపోనివి ముందు పనిలోకి దిగుతాయి, కొన్ని పనిచేస్తుంటే కొన్ని ఊపిరి తీసుకుంటాయి. బయటి కరెంటుకు ఆ వివేచన లేదు. ప్యాడ్ కింద దొరికిన పోగులన్నింటినీ ఒకేసారి లాగుతుంది, ప్రతిసారీ వాటినే లాగుతుంది. అందుకే అలా పనిచేసిన కండరం తొందరగా అలసిపోతుంది. గుండెకూ ఊపిరితిత్తులకూ కలిగే వ్యాయామం, పడిపోకుండా నిలదొక్కుకునే నేర్పు, తొడల్లాంటి పెద్ద కండరాలు రక్తంలోని చక్కెరను వాడుకోవడం, ఇవన్నీ నడకతో వస్తాయి. పిక్క మీద పట్టీతో రావు. ప్రకటన నమ్మి మీ అమ్మగారు నడకకు శాశ్వతంగా స్వస్తి చెబుతారేమోనన్నది నాకున్న పెద్ద భయం. ఎందుకంటే ధమని ఇరుకుకు నడకే ఒక చికిత్స. దానికి ఉన్నంత గట్టి ఆధారం ఈ పట్టీలకు లేదు.

కాబట్టి మొదట తేలవలసింది ఒక అంకె. చీలమండ దగ్గర బీపీని చేతి బీపీతో భాగిస్తే వచ్చే నిష్పత్తి అది, వైద్యులు ఏబీఐ అంటారు. పరీక్ష తేలిక. పడుకోబెట్టి, రెండు చేతులకూ రెండు చీలమండలకూ బీపీ పట్టీ చుట్టి, చిన్న డాప్లర్ పెన్నుతో రక్తం చప్పుడు వింటూ కొలుస్తారు. సూది ఉండదు, నొప్పి ఉండదు. మామూలుగా ఈ నిష్పత్తి 1 దగ్గర, లేదా కాస్త పైన ఉంటుంది. 0.9 గానీ అంతకంటే తక్కువ గానీ వస్తే ధమని ఇరుకైనట్టు లెక్క. షుగరు ఉన్నవారి విషయంలో ఒక మెలిక ఉంది. ధమని గోడల్లో సున్నం చేరి గట్టిపడితే బీపీ పట్టీ వాటిని నొక్కలేదు, అంకె 1.4 దాటిపోతుంది. కాలు బ్రహ్మాండంగా ఉందని దాని అర్థం కాదు. ఒక్కోసారి ఇరుకు ఉన్నా ఇదే కారణంగా అంకె మామూలుగా కనిపిస్తుంది కూడా. అలాంటప్పుడు కాలి బొటనవేలి దగ్గర పీడనం కొలిపించమని, అవసరమైతే కాలి ధమనులకు డాప్లర్ స్కాన్ చేయమని అడగండి. ఇది వీలున్నప్పుడు చూసుకునే పని కాదు, వారం పది రోజుల్లో చూపించండి. కాలి ధమని ఇరుకైన మనిషికి గుండె ధమనులూ మెదడుకు వెళ్లే ధమనులూ కూడా దెబ్బతిని ఉండే అవకాశం ఎక్కువ. అందుకే ఇరుకు ఉందని తేలితే కొలెస్టరాల్ తగ్గించే స్టాటిన్, రక్తకణాలు గుంపుకట్టకుండా ఆపే మాత్ర రాస్తారు. వాటిని కాలికోసమని మాత్రమే అనుకోకండి, గుండెపోటు రాకుండా కాపాడేవి కూడా అవే.

వాపుకు దారి వేరు. అమ్లోడిపిన్ చిన్న ధమనులను వెడల్పు చేస్తుంది. దాంతో సన్నని నాళాల్లో ఒత్తిడి పెరిగి నీరు బయటికి ఊరుతుంది. సాయంత్రానికి రెండు చీలమండలూ వాచడం ఈ మాత్ర వాడేవారిలో తరచుగా చూసేదే, మోతాదు పెరిగేకొద్దీ వాపూ పెరుగుతుంది. మీ అంతట మీరు మాత్ర ఆపకండి, బీపీ మళ్లీ పెరగవచ్చు. మాత్ర మొదలుపెట్టాక వాపు వచ్చిందో, ముందే ఉందో గుర్తుచేసుకుని వైద్యులకు చెప్పండి. వారు మోతాదు తగ్గించగలరు, మందు మార్చగలరు. మూత్రంలో ప్రోటీన్ పోతోందేమో, గుండె, మూత్రపిండాలు ఎలా ఉన్నాయో కూడా ఒకసారి చూస్తారు. మాత్ర వల్ల వచ్చిన వాపును మాత్ర మార్చి తగ్గించాలి, దాని కోసం కాలికి కరెంటు పెట్టడం ఎందుకు?

తిమ్మిరి, మంట షుగరు వల్ల నరాలు దెబ్బతిన్న గుర్తులు కావచ్చు. మెట్‌ఫార్మిన్ చాలాకాలం వాడితే బి12 విటమిన్ తగ్గి కూడా తిమ్మిర్లు వస్తాయి, కనుక ఆ రక్తపరీక్ష చేయించండి. యంత్రం విషయంలో ఈ తిమ్మిరే అసలు ప్రమాదం. స్పర్శ బాగున్న మనిషి ప్యాడ్ కింద చురుక్కుమంటే వెంటనే తీసేస్తుంది. మొద్దుబారిన చర్మానికి ఆ హెచ్చరిక అందదు. ఇంకా చిక్కేమిటంటే, దెబ్బతిన్న నరం త్వరగా పలకదు. కండరం కదలలేదని స్థాయి పెంచుతూ పోతారు, చర్మం కాలుతున్న సంగతి తెలియదు. ప్యాడ్ ఒక అంచున లేచినా, దాని జెల్ ఎండిపోయినా కరెంటంతా మిగిలిన కాస్త చోటు మీదే పడుతుంది, కాలేది అక్కడే. ధమని కూడా ఇరుకైన కాలిమీద పడిన చిన్న బొబ్బ నెలల తరబడి మానని పుండుగా మారవచ్చు. అరికాలిలో స్పర్శ ఎంత మిగిలిందో 10 గ్రాముల ఒత్తిడికి వంగే నైలాన్ పోగును తాకించి చూస్తారు. అదే రోజు ఆ పరీక్ష కూడా చేయించండి.

బిగుతు సాక్సులకూ ఇదే షరతు. సిరల వాపుకు అవి మంచివే. ధమని బాగా ఇరుకైన కాలికి వేస్తే ఉన్న కాస్త రక్తాన్నీ బయటినుంచి నొక్కేస్తాయి. ఆ అంకె చేతికొచ్చేదాకా సాక్సులు కొనకండి.

ఇరుకు ఉందని తేలి, గుండె పరిస్థితి చూసి వైద్యులు సరేనన్నారనుకోండి. నడక ఇలా మొదలుపెట్టాలి. సమతలంగా ఉన్న చోట మామూలు వేగంతో బయల్దేరాలి. పిక్కలో నొప్పి మొదలైన మరుక్షణం ఆగకుండా, అది ఓ మోస్తరుగా పెరిగేదాకా నడవాలి. అప్పుడు ఆగాలి. పూర్తిగా తగ్గాక మళ్లీ నడవాలి. ఇలా ఆగుతూ సాగుతూ 30 నుంచి 45 నిమిషాలు, వారానికి కనీసం 3 రోజులు, కనీసం 12 వారాలు. మొదట్లో ఆగిన సమయమే ఎక్కువగా ఉండవచ్చు, దానికి నిరుత్సాహపడనవసరం లేదు. ఈ నొప్పి రక్తం చాలని కండరం ఆకలి మాత్రమే. దానివల్ల కండరం పాడవుతోందని భయపడి మీ అమ్మగారు నడక ఆపేసి ఉంటారు. ఆ భయం పోగొట్టడం మీ వంతు. తొలి రోజుల్లో పక్కన నడవండి, ఆమె ఆగినప్పుడు మీరూ ఆగండి, తొందరపెట్టకండి. వేళ్లు ఇరుక్కోని, లోపల కుట్లు ఒరుసుకోని బూట్లు చూడండి. ప్రతి రాత్రీ పాదాలు, వేళ్ల సందులు వెలుతురులో పరిశీలించండి. ఇంట్లో ఎవరైనా పొగ తాగుతుంటే ఆ పొగ ఆమెకు సోకకూడదు.

పరీక్షలన్నీ అయ్యాక ధమనులు బాగున్నాయని, సిరల్లో రక్తం నిలవడమే వాపుకు కారణమని తేలితే, పట్టీకి అప్పుడు చోటుంది. ఫిజియోథెరపిస్టు ఎదుట మొదలుపెట్టండి. చర్మం శుభ్రంగా, నూనె, క్రీము లేకుండా ఉండాలి. పుండు, దద్దురు, ఎర్రబడి నొప్పిగా ఉన్న సిర మీద ప్యాడ్ పెట్టకూడదు. పట్టీ కట్టాక స్విచ్ వేయాలి, ఆపాక విప్పాలి. స్థాయిని కంటితో చూసి పెంచాలి, పిక్క కదలడం కనిపించగానే అక్కడ ఆపాలి. మొదటి రోజుల్లో 10 నిమిషాలు చాలు. తీసిన వెంటనే ప్యాడ్ పెట్టిన చోటు చూడండి. కాస్త ఎరుపు ఉండి కొద్దిసేపట్లో పోతే పరవాలేదు. మరుసటి రోజుకూ ఉంటే వాడకం ఆపేయండి. నిద్రపోతూ వాడకూడదు. పడుకుని వాడటం మంచిదే, కానీ కునుకు పట్టనివ్వకండి.

మీ మాటకొస్తే, గర్భం, మూర్ఛవ్యాధి, కాలి సిరలో గడ్డ వంటివేమీ లేకపోతే పట్టీ పెట్టుకున్నందువల్ల మీకు పెద్ద నష్టం లేదు. అది నడుస్తున్నంతసేపూ సిరల్లో రక్తం కదులుతుంది, తీసేశాక ఆ ప్రభావం ఎక్కువసేపు నిలవదు. మడమలు నేలకు ఆనించి మునివేళ్లు ఎత్తడం, మునివేళ్లు ఆనించి మడమలు ఎత్తడం, గంటకోసారి లేచి రెండు నిమిషాలు తిరగడం కూడా ఆ పని చేస్తాయి. నేనైతే మీకు వీటినే సూచిస్తాను.

కొన్ని లక్షణాలు కనిపిస్తే పరీక్ష తేదీ కోసం ఆగవద్దు. కాలు హఠాత్తుగా చల్లబడి, పాలిపోయి, విపరీతంగా నొప్పిపెడితే, కదపలేకపోతే వెంటనే ఆస్పత్రికి చేరాలి, ఆలస్యమైతే కాలు దక్కకపోవచ్చు. రాత్రిపూట పాదం నొప్పితో మెలకువ వచ్చి, కాలు మంచం కిందికి వేలాడేస్తే హాయిగా ఉండటం, మానని పుండు, నల్లబడిన వేలు, ఇవి కూడా వెంటనే చూపించవలసినవే. ఒక్క కాలే వాచి, వేడిగా, పిక్క నొప్పిగా ఉంటే సిరలో గడ్డ ఏర్పడిందేమో అనుకోవాలి. అలాంటి కాలికి పట్టీ కట్టకూడదు, మర్దనా చేయకూడదు. దానికి తోడు ఆయాసం గానీ ఛాతీ నొప్పి గానీ వస్తే అత్యవసరమే.

నాన్నగారికి మాత్రం వద్దు. బయటినుంచి ఇచ్చే విద్యుత్ స్పందనలను పేస్‌మేకర్ గుండె కొట్టుకోవడంగా పొరబడి, తాను చేయవలసిన పని ఆపే ప్రమాదం ఉంది. పిక్క ఛాతీకి దూరమే అయినా తయారీదారులు ఇలాంటివారు వాడకూడదనే రాస్తారు. ఆయన పేస్‌మేకర్‌ను చూసే హృద్రోగ నిపుణులు పరీక్షించి ఒప్పుకుంటే తప్ప ముట్టుకోకండి. మీకోసం ఎప్పుడైనా కొన్నా ఆయన సరదాకు కట్టి చూసుకోకుండా చెప్పి ఉంచండి. ఆయన కాళ్లకూ ఇబ్బంది ఉంటే, మీకు చెప్పిన మడమల, మునివేళ్ల కదలికలు ఆయన నిశ్చింతగా చేసుకోవచ్చు. నడిస్తే పిక్క పట్టేస్తోందా అని ఆయన్ని కూడా ఒకసారి అడగండి. అవునంటే అమ్మగారితో పాటు ఆయనకూ అదే రోజు ఏబీఐ చేయించండి.